మితోమా తన తరంలో ఎన్నో స్థానం? జపాన్ ఫుట్‌బాలర్ పాపులారిటీ ర్యాంకును లెక్కగట్టే సమగ్ర పద్ధతి

ఒకే జపాన్ ఆటగాడు ఒక జాబితాలో మొదటి స్థానంలోనూ, మరో జాబితాలో ఆరో స్థానంలోనూ కనిపించడం మామూలే. ఒకరు ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్లను లెక్కపెడతారు, ఇంకొకరు గూగుల్ వెతుకులాటలు చూస్తారు, మూడోవారు తమ సైట్‌లో జరిగిన ఓటింగ్ ఫలితాన్నే ర్యాంకుగా వేసేస్తారు. ఎవరితో పోల్చారు, ఏ కాలంలో పోల్చారు, ఏ దేశపు జనంలో పోల్చారు అన్నవి మాత్రం చాలా జాబితాల్లో కనిపించవు. ఆ మూడూ లేని ర్యాంకును నమ్మాల్సిన పనిలేదు.

ఇంగ్లాండ్ క్లబ్ బ్రైటన్ వింగర్ (మైదానం అంచున దాడి చేసే ఆటగాడు) కవోరు మితోమాను ఉదాహరణగా తీసుకుని, ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచిత సాధనాలతో ఇలాంటి ర్యాంకును ఎలా తయారు చేయవచ్చో ఇక్కడ చూద్దాం. కావలసింది కంప్యూటరు, ఒక స్ప్రెడ్‌షీట్, ఓపిక. ఇదే పద్ధతి కుబోకైనా, దోవాన్‌కైనా, ఇంకే ఆటగాడికైనా పనికొస్తుంది.

మొదటి అడుగు: తోటివాళ్లు ఎవరో తేల్చడం

ర్యాంకును అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది ఈ నిర్ణయమే. మితోమాను పాత తరాల తారలైన కజుయోషి మియురా, హిదెతోషి నకాతా, కెయ్‌సుకె హోండా, షింజి కగావాల పక్కన నిలబెడితే వచ్చే అంకెకు అర్థం వేరు. నకాతా 2006లోనే, 29 ఏళ్లకే ఆట వదిలేశాడు. అతని కీర్తి శిఖరాన ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ లేదు. ఇంటర్నెట్ అంకెలతో అతన్ని నేటి ఆటగాళ్లతో పోల్చడం అతనికి అన్యాయం చేయడమే.

జపాన్‌లో ఆటగాళ్లను తరాలుగా చెప్పుకునే అలవాటు బలంగా ఉంది. 1979 ప్రాంతంలో పుట్టి, 1999లో నైజీరియాలో జరిగిన ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్‌లో ఫైనల్ దాకా వెళ్లిన షింజి ఓనో, జునిచి ఇనామోతో, నవోహిరో తకహరాలది ‘స్వర్ణ తరం’. మితోమాది ‘టోక్యో ఒలింపిక్స్ తరం’. కోవిడ్ వల్ల 2021లో జరిగిన ఆ ఒలింపిక్స్‌లో 1997 జనవరి 1న లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లు మామూలు కోటాలో ఆడారు. వాళ్లతోపాటు ముగ్గురు పెద్ద వయసు ఆటగాళ్లకు అవకాశం ఉండేది. జపాన్ ఆ ముగ్గురుగా మాయా యోషిదా, హిరోకి సకాయ్, వతారు ఎందోలను తీసుకుంది. ఇంత స్పష్టమైన గీత దొరకడం అదృష్టం. కాబట్టి ఎందో ఎంత పేరున్నవాడైనా ఈ పోలికలోకి రాడు. అతను 1993లో పుట్టాడు.

పది మందితో గుంపు కడదాం:

- కవోరు మితోమా (1997 మే 20)
- తకెఫుసా కుబో (2001 జూన్ 4)
- రిత్సు దోవాన్ (1998 జూన్ 16)
- తకెహిరో తోమియాసు (1998 నవంబరు 5)
- కో ఇతాకురా (1997 జనవరి 27)
- ఆవో తనాకా (1998 సెప్టెంబరు 10)
- దైజెన్ మయెదా (1997 అక్టోబరు 20)
- అయాసె ఉయెదా (1998 ఆగస్టు 28)
- రెవో హతాతె (1997 నవంబరు 21)
- యూకి సోమా (1997 ఫిబ్రవరి 25)

వీళ్లంతా ఆ ఒలింపిక్ జట్టులో ఉన్నవాళ్లే. పది మందితో ఆపడానికి కారణం, తర్వాత వాడబోయే వికీపీడియా సాధనం ఒకేసారి పది పేజీలనే పోల్చగలదు.

ఇంకా కచ్చితంగా కావాలంటే జపాన్ పద్ధతిలో ‘ఒకే బడి ఏడాది’ గీత గీయవచ్చు. అక్కడ బడి ఏడాది ఏప్రిల్ 2న పుట్టినవాళ్లతో మొదలై మరుసటి ఏప్రిల్ 1తో ముగుస్తుంది. అప్పుడు ఇతాకురా, సోమా 1997లోనే పుట్టినా మితోమాకు ఒక తరగతి సీనియర్లు. కవాసాకీలోని సగినుమా ఎస్‌సీ అనే పిల్లల క్లబ్బులోనే మితోమా, ఇతాకురా, తనాకా ముగ్గురూ ఆడారు. అయినా వాళ్లు మూడు వేర్వేరు బడి ఏడాదుల వాళ్లు. అంత సన్నని గీత గీస్తే గుంపులో మితోమా, మయెదా, హతాతె మాత్రమే మిగులుతారు. ముగ్గురిలో మొదటి స్థానం వచ్చిందని రాస్తే పాఠకుడికి ఒరిగేదేమీ ఉండదు. గుంపులో కనీసం ఎనిమిది మందైనా ఉండాలి.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. ముందు ఫలితం చూసి, ఇష్టమైన ఆటగాడు పైకి వచ్చేలా గుంపును సవరించడం. గుంపు కట్టిన నియమాన్ని ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. అంకెలు తీశాక దాన్ని తాకవద్దు.

రెండో అడుగు: కాలాన్ని కట్టడి చేయడం

యూరప్ సీజన్ ఆగస్టులో మొదలై మే నెలాఖరుకు ముగుస్తుంది. జపాన్ లీగ్ మాత్రం చాలా ఏళ్లుగా ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా నడిచింది. అందుకని ఆరు నెలల కొలత ఎవరో ఒకరికి అన్యాయం చేస్తుంది. పూర్తి పన్నెండు నెలలు తీసుకోండి. ఈ ఉదాహరణకు 2024 జులై 1 నుంచి 2025 జూన్ 30 దాకా తీసుకుందాం. ఇందులో ప్రపంచ కప్పు లేదు, ఒక పూర్తి క్లబ్ సీజన్ ఉంది, ఆసియా చివరి దశ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఉన్నాయి.

ఆ ఏడాదిలో ఏమేం జరిగిందో తేదీలతో పక్కన రాసుకోవాలి. లేకపోతే గ్రాఫ్‌లో లేచిన శిఖరాలు ఎందుకు లేచాయో తెలియదు. 2025 జనవరి చివర్లో సౌదీ క్లబ్ అల్-నస్ర్ మితోమా కోసం చేసిన ప్రతిపాదనను బ్రైటన్ తిరస్కరించింది. ఫిబ్రవరి 14న చెల్సీ మీద, వెనక నుంచి వచ్చిన పొడవాటి బంతిని ఒక్క స్పర్శతో ఆపి అతను కొట్టిన గోల్ ప్రపంచమంతా తిరిగింది. మార్చి 20న సైతామాలో బహ్రెయిన్‌ను 2–0తో ఓడించి జపాన్ 2026 ప్రపంచ కప్పుకు అర్హత సాధించింది. ఆ రాత్రి గోల్స్ కొట్టినవాళ్లు కమాదా, కుబో. ఈ మూడు తేదీల దగ్గరా అంకెలు లేస్తాయి, కానీ మూడింటికీ కారణాలు వేరు. మొదటిది బదిలీ పుకారు మీద కుతూహలం, రెండోది ఆట మీద ముచ్చట, మూడోది జట్టు మొత్తానికి వచ్చిన ఊపు.

సమయ మండలాల సంగతి చాలామంది పట్టించుకోరు. వికీపీడియా లెక్క యూటీసీ (ప్రపంచమంతా ప్రామాణికంగా వాడే సమయం) రోజుల ప్రకారం నడుస్తుంది. జపాన్ గడియారం యూటీసీ కన్నా 9 గంటలు, మనదానికన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. అంటే వికీపీడియాలో ఒక ‘రోజు’ జపాన్‌లో ఉదయం 9 నుంచి మర్నాడు ఉదయం 9 దాకా.

2022 ప్రపంచ కప్పులో స్పెయిన్‌తో మ్యాచ్ జపాన్‌లో డిసెంబరు 2 తెల్లవారుజామున 4 గంటలకు మొదలైంది. గీత దాటిపోతున్నట్టు కనిపించిన బంతిని మితోమా వెనక్కి లాగి ఇవ్వడం, తనాకా దాన్ని గోల్‌లోకి నెట్టడం, జపాన్ 2–1తో గెలవడం అన్నీ ఉదయం 6 లోపే అయిపోయాయి. యూటీసీలో అది డిసెంబరు 1 రాత్రి. అందుకే ఆ అలజడి కొంత డిసెంబరు 1 ఖాతాలో, మిగతాది డిసెంబరు 2 ఖాతాలో పడింది. ఒక్క రోజు శిఖరాలనే పోల్చేవాళ్లు, రాత్రి పదింటికి మొదలైన జర్మనీ మ్యాచ్‌ను దీని పక్కన పెట్టి తప్పు నిర్ణయానికి వస్తారు. పెద్ద సంఘటనను కొలిచేటప్పుడు ఎప్పుడూ మూడు రోజుల మొత్తం తీసుకోండి.

మూడో అడుగు: పేర్లు సరిచూడటం

జపాన్‌లో మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, ఆంగ్ల పత్రికలు దాన్ని తిప్పి రాస్తాయి. ఈ తికమకకన్నా పెద్ద ప్రమాదం లిపిలో ఉంది. మితోమా ఇంటిపేరులోని రెండో అక్షరం అరుదైనది. దాని తల మీద వెదురు గుర్తు ఉంటుంది. అదే ఉచ్చారణతో తల మీద గడ్డి గుర్తున్న అక్షరం మరొకటి ఉంది. హొక్కాయ్‌దోలోని తోమకోమాయ్ నగరం పేరులో వచ్చేది అదే, అందరికీ అలవాటైనదీ అదే. జపాన్ వాళ్లే మితోమా పేరును ఆ అక్షరంతో తప్పుగా కొడుతుంటారు. ఒక్క సరైన రూపంతోనే వెతికితే అతనికి రావలసిన లెక్కలో కొంత జారిపోతుంది. కుబో మొదటి పేరులోని తొలి అక్షరానికీ ఇలాంటి కవల ఉంది. ఎడమ పక్క మనిషి గుర్తు అదనంగా పెట్టి రాసేస్తారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది తనాకా, మయెదా, ఉయెదాలది. ఇవి జపాన్‌లో వీధికొకటి వినిపించే ఇంటిపేర్లు. ఒట్టి ఇంటిపేరుతో వెతికితే నటులు, రాజకీయ నాయకులు, దుకాణాలు అన్నీ వాళ్ల ఖాతాలో పడతాయి. దోవాన్ ఇంటిపేరు అరుదైనది కాబట్టి ఒంటరిగానే పనిచేస్తుంది. ఈ తేడా పోవాలంటే అందరికీ ఒకే నియమం పెట్టాలి: పూర్తి పేరుతోనే వెతకాలి, గూగుల్ ట్రెండ్స్‌లో (జనం గూగుల్‌లో ఏ పేరును ఎంతగా వెతికారో చూపే సాధనం) మాత్రం ఐదో అడుగులో చెప్పే ‘టాపిక్’ వాడాలి.

నాలుగో అడుగు: వికీపీడియా వీక్షణలు

ఉచితంగా దొరికే వాటిలో ఎక్కువ నమ్మదగిన కొలత ఇదే. అసలు సంఖ్యలు దొరుకుతాయి, ఎవరైనా మళ్లీ సరిచూసుకోవచ్చు, 2015 జులై నుంచి ప్రతి రోజు లెక్కా ఉంది. సాధనం పేరు పేజ్‌వ్యూస్ ఎనాలిసిస్. తెరిచాక ఇలా అమర్చండి.

1. ప్రాజెక్టు దగ్గర జపనీస్ వికీపీడియా ఎంచుకోండి. ఆంగ్లం వదిలేయడం మర్చిపోవద్దు, అది చివర్లో వేరే పట్టికకు పనికొస్తుంది.
2. తేదీలు 2024 జులై 1 – 2025 జూన్ 30, లెక్క రోజువారీ.
3. ప్లాట్‌ఫారం ‘అన్నీ’. జపాన్‌లో ఫోన్ల మీదే ఎక్కువ చదువుతారు, ఒక్క డెస్క్‌టాప్ తీసుకుంటే చిత్రం మారిపోతుంది.
4. ఏజెంట్ దగ్గర ‘యూజర్’. ఇది సెర్చింజన్ల రోబోలనూ ఆటోమేటిక్ ట్రాఫిక్‌నూ చాలావరకు తీసేస్తుంది.
5. పది పేజీల పేర్లూ ఎక్కించి సీఎస్‌వీ (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే ఫైలు) దించుకోండి.

ఈ లెక్కలో దారిమళ్లింపు పేజీల (వేరే రూపంలో కొట్టిన పేరు నుంచి అసలు పేజీకి పంపేవి) వీక్షణలు కలవవు. తప్పు అక్షరంతో వెతికి దారిమళ్లింపు ద్వారా వచ్చినవాళ్ల లెక్క కోసం అదే కుటుంబంలోని రీడైరెక్ట్ వ్యూస్ సాధనం చూడండి. పది మందికీ చూడాలి, ఒక్క మితోమాకు మాత్రమే కలిపితే పక్షపాతం అవుతుంది.

ఇప్పుడు ప్రతి ఆటగాడికీ 365 సంఖ్యలున్నాయి. వీటిని కూడి సగటు తీయకండి, మీడియన్ తీయండి. అంటే సంఖ్యలను చిన్న నుంచి పెద్దకు పేర్చి సరిగ్గా నడిమిది, 183వది, తీసుకోవడం. స్ప్రెడ్‌షీట్‌లో దీనికి సిద్ధంగా ఫంక్షన్ ఉంటుంది. ఒక్క అద్భుతమైన గోల్, ఒక గాయం, ఒక పెళ్లి వార్త సగటును ఆకాశానికి ఎత్తేయగలవు, మీడియన్‌ను కదిలించలేవు. మ్యాచ్ లేని మామూలు మంగళవారం నాడు కూడా ఎంతమంది అతని గురించి చదువుతున్నారన్నదే నిలకడైన ఆదరణ. శిఖరాల సంగతి పక్కన వేరే గడిలో రాసుకోండి, అదీ ఆసక్తికరమైనదే. పెద్ద రాత్రి ఎవరి పేరు మోగిందో అది చెబుతుంది. కానీ రెండిటినీ కలిపేయవద్దు.

గాయాల విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 2024 ఫిబ్రవరి చివర్లో వెన్ను గాయంతో మితోమా సీజన్ మిగతా అంతా దూరమయ్యాడు. అలాంటి వార్త వచ్చిన వారంలో వెతుకులాటలు పెరుగుతాయి, ఆ తర్వాత నెలల తరబడి పడిపోతాయి. గాయపడ్డ ఆటగాడి మీద అభిమానం తగ్గిందని దీన్నిబట్టి రాయకూడదు. కొలిచే కాలంలో మూడు నెలలకు మించి ఆడనివాడి పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి.

ఐదో అడుగు: గూగుల్ ట్రెండ్స్

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా వెళ్దాం. ట్రెండ్స్ చూపే 0–100 అంకెలు వెతుకులాటల సంఖ్య కాదు. మీరు పెట్టిన పేర్లలో, మీరు పెట్టిన కాలంలో, అత్యధిక బిందువును 100గా చేసి మిగతావాటిని దానికి తగ్గట్టు చూపిస్తుంది. అందువల్ల వేర్వేరుగా తీసిన రెండు గ్రాఫ్‌లలోని అంకెలను నేరుగా పోల్చకూడదు. మితోమా ఒంటరి గ్రాఫ్‌లో 100, కుబో ఒంటరి గ్రాఫ్‌లో 100, రెండూ సమానమేనని రాసిన జాబితాలు కనిపిస్తూనే ఉంటాయి.

ప్రాంతం జపాన్‌గా పెట్టండి. పేరు కొట్టగానే కింద వచ్చే సూచనల్లో ‘ఫుట్‌బాల్ ఆటగాడు’ అన్న వివరణ ఉన్నది ఎంచుకోండి, అదే టాపిక్. అది అన్ని లిపుల రూపాలనూ, సాధారణమైన తప్పు స్పెల్లింగులనూ ఒకచోట చేరుస్తుంది. పది మందిలో కొందరికి టాపిక్, కొందరికి ఒట్టి పదం పెడితే పోలిక అక్కడే చెడిపోతుంది.

ట్రెండ్స్ ఒకసారికి ఐదు పేర్లనే తీసుకుంటుంది. మన గుంపులో పది మంది ఉన్నారు. అందుకని ఒక ‘కొలబద్ద’ ఆటగాడు కావాలి. అతను ప్రతి దఫాలోనూ ఉంటాడు. మొదటి దఫా కొలబద్ద + నలుగురు, రెండోది కొలబద్ద + ఇంకో నలుగురు, మూడోది కొలబద్ద + మిగిలిన ఒక్కడు. ప్రతి దఫాలో ప్రతి ఆటగాడి అంకెనూ ఆ దఫాలోని కొలబద్ద అంకెతో భాగిస్తే అందరూ ఒకే కొలతలోకి వస్తారు.

కొలబద్దగా ఎవరిని పెట్టాలి? నాలుగో అడుగులో వచ్చిన మీడియన్ల వరుసలో నాలుగు నుంచి ఆరు స్థానాల మధ్య ఉన్నవాణ్ని. మరీ చిన్నవాణ్ని పెడితే గుండ్రం చేయడంలోనే లెక్క పోతుంది. ట్రెండ్స్ 2 అని చూపితే అసలు విలువ 1.5 నుంచి 2.5 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, అంటే ఇటూ అటూ 25 శాతం తేడా. అదే 10 అయితే తేడా 5 శాతమే. మరీ పెద్దవాణ్ని పెట్టినా కష్టమే. సరదాకి బేస్‌బాల్ వీరుడు షోహెయ్ ఒహ్తానిని చేర్చి చూడండి, ఫుట్‌బాలర్ల గీతలన్నీ నేలకు అంటుకుపోతాయి. జపాన్‌లో ఏ క్రీడాకారుడి ఆదరణను కొలిచినా ఆ నీడ ఉంటుంది, కాబట్టి పోలిక ఫుట్‌బాల్ గోడల మధ్యే ఉండాలి.

ఏడాది మొత్తాన్ని ఒకేసారి తీస్తే ఒక పెద్ద వారం 100గా నిలబడి మిగతా వారాలన్నీ 3, 4 దగ్గర నలిగిపోతాయి. అందుకని ఏడాదిని మూడేసి నెలల నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్కలోనూ మూడు దఫాలూ తీయండి. మొత్తం పన్నెండు ఫైళ్లు. మూడు నెలలకు ట్రెండ్స్ రోజువారీ లెక్క ఇస్తుంది, ఏడాదికైతే వారానికొకటే. ప్రతి ముక్కలో ఆటగాడి రోజువారీ మీడియన్‌ను కొలబద్ద మీడియన్‌తో భాగించండి. కొలబద్ద మీడియన్ 5 కన్నా తక్కువ వస్తే మీడియన్ బదులు ముక్కలోని రోజులన్నిటినీ కూడి, ఆ ముక్కలో అతి పెద్ద ఐదు రోజులు తీసేసి భాగించండి. ఆ ముక్కలో ఆటగాళ్లందరికీ అదే చేయాలి. నాలుగు ముక్కల నిష్పత్తుల మీడియన్ అతని తుది అంకె.

ఇంకో మూడు జాగ్రత్తలు. ట్రెండ్స్ అన్ని వెతుకులాటలనూ కాక ఒక నమూనాను మాత్రమే చూస్తుంది, అందుకే ఇవాళ తీసిన అంకె రేపు కాస్త మారుతుంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు తీసి నడిమిది వాడండి. రెండోది, గ్రాఫ్ మీద 2022 జనవరి 1 దగ్గర సేకరణ పద్ధతి మారిందన్న గమనిక ఉంటుంది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న అంకెలను పోల్చి ‘ఒక్కసారిగా ఎదిగాడు’ అని రాయవద్దు. మూడోది, యాహూ జపాన్‌లో వెతికేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, ఆ వెతుకులాటలు ఇందులోకి రావు. ఒకే తరం ఆటగాళ్లను పోల్చేటప్పుడు ఈ లోటు అందరికీ దాదాపు సమానంగానే పడుతుంది. మియురా లాంటి పాత తారను కలిపితే మాత్రం ఆయన పెద్ద వయసు అభిమానులు లెక్క తప్పిపోతారు.

ఆరో అడుగు: ఫాలోవర్లు

మొత్తం ఫాలోవర్ల సంఖ్య చెరువులో నిలిచిన నీళ్ల లాంటిది. ఎప్పుడో వచ్చి చేరినవే ఎక్కువ. మనకు కావలసింది కాలువలో ఇప్పుడు పారుతున్నది, అంటే ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లు.

తేడా ఎందుకొస్తుందో క్లబ్బుల చరిత్ర చూస్తే తెలుస్తుంది. కుబోను 2019 జూన్‌లో రియల్ మాడ్రిడ్ తీసుకుంది, తోమియాసును 2021 ఆగస్టు 31న ఆర్సెనల్ తీసుకుంది. ఇలాంటి క్లబ్బులకు ప్రపంచమంతా అభిమానులు. కొత్త ఆటగాడు బంతి తాకకముందే లక్షల మంది అనుసరించడం మొదలుపెడతారు. మితోమా దారి వేరు. 2021 ఆగస్టులో బ్రైటన్ కొన్నాక మొదటి ఏడాది బెల్జియంలోని యూనియన్ సెంట్ గిలోయిస్‌కు అప్పుగా వెళ్లాడు. అతని వెనక చేరినవాళ్లలో ఎక్కువ మంది ఆట చూసి చేరినవాళ్లే. మొత్తం సంఖ్యను పోలిస్తే క్లబ్బు పేరుకు మార్కులు వేసినట్టవుతుంది.

ఇన్‌స్టాగ్రామ్ పాత సంఖ్యలను చూపించదు. కాబట్టి ఈ పని మొదలుపెట్టాలనుకున్న రోజునే పది మంది సంఖ్యలనూ రాసిపెట్టి, ప్రతి నెలా ఒకటో తేదీన మళ్లీ రాయాలి. గడిచిపోయిన కాలానికి ఈ అంకె లేకపోతే ఊహించి వేయకండి, ఆ కొలతనే తీసేయండి. ఖాతా లేని ఆటగాడికి సున్నా వేయకూడదు, గడి ఖాళీగా ఉంచి అతని మిగతా కొలతల బరువు (తుది లెక్కలో వాటి వాటా) పెంచాలి. ఒక నెలలో ఏ మ్యాచ్ కారణమూ లేకుండా సంఖ్య ఎగబాకి, మరుసటి నెల అంతే జారితే అవి నకిలీ ఖాతాలు వచ్చి తీసివేతకు గురైన గుర్తు. ఆ రెండు నెలలనూ వదిలేయండి.

ఏడో అడుగు: ఓట్లను, సర్వేలను ఎంతవరకు నమ్మాలి

ఇంటర్నెట్ ఓటింగును ర్యాంకులో కలపవద్దన్నదే మా సలహా. ఒకే మనిషి పదిసార్లు వేయగలడు, ఒక అభిమాన సంఘం ఒక్క పూటలో ఫలితం మార్చగలదు. జపాన్ లీగ్ ఓటింగుల్లో విదేశాల్లో ఆడేవాళ్లు పోటీలోనే ఉండరు, మన పది మందిలో చాలామంది అక్కడే తప్పుకుంటారు.

తోటి ఆటగాళ్లు వేసే ఓటు మరో రకం. 2024–25 సీజన్‌కు స్కాట్లాండ్ ఆటగాళ్ల సంఘం ఇచ్చే ఉత్తమ ఆటగాడి పురస్కారం సెల్టిక్‌లో ఆడిన మయెదాకు దక్కింది. ఇది వృత్తిలోని గౌరవం, జనాదరణ కాదు. ట్రాన్స్‌ఫర్ మార్కెట్ విలువ కూడా అంతే, అది ఆటగాడి బదిలీకి వేసే అంచనా ధర. వీటిని ర్యాంకు పక్కన వివరణలో రాయవచ్చు, లెక్కలోకి తేకూడదు.

నిజంగా ‘ఇష్టం’ కొలవాలంటే అడగడం ఒక్కటే దారి. జపాన్‌లో ససకావా స్పోర్ట్స్ ఫౌండేషన్ రెండేళ్లకోసారి చేసే దేశవ్యాప్త సర్వేలో ఇష్టమైన క్రీడాకారుడెవరని అడుగుతారు. కానీ అన్ని ఆటలూ కలిసి ఉండటంతో ఫుట్‌బాలర్లలో పైవరుస పేర్లు కొన్నే కనిపిస్తాయి, మన గుంపులో ఏడో ఎనిమిదో స్థానం తేల్చడానికి అది చాలదు. సొంతంగా సర్వే చేస్తే 400 మంది జవాబులకు దాదాపు 5 శాతం, 1,000 మందికి 3 శాతం అటూ ఇటూ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. అదీ జవాబిచ్చేవాళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటేనే. ప్రశ్నలు రెండు వేయాలి: ముందు పేర్లు చూపకుండా ‘గుర్తొచ్చే జపాన్ ఆటగాళ్లెవరు’, తర్వాత పేర్లు చూపి ‘ఎవరంటే ఇష్టం’. పేర్ల వరుసను ప్రతి మనిషికీ మార్చి చూపించాలి. జపాన్ అక్షర క్రమంలో పేర్చితే ఇతాకురా, ఉయెదా మొదట్లో, మయెదా, మితోమా చివర్లో వస్తారు. పొడవాటి జాబితాలో మొదటి పేర్లకు ఊరికే ఓట్లు పడతాయి.

ఎనిమిదో అడుగు: కలపడం

మూడు కొలతలను నేరుగా కూడితే ఏమవుతుందో కల్పిత అంకెలతో చూడండి. అ, ఆ, ఇ ముగ్గురు ఆటగాళ్లు. వికీ మీడియన్లు 1,600, 800, 400. ట్రెండ్స్ అంకెలు 30, 40, 10. కొత్త ఫాలోవర్లు 20,000, 20,000, 80,000. కూడితే ‘ఇ’ మిగతావాళ్లను దాటి ఎక్కడికో పోతాడు, ఎందుకంటే ఫాలోవర్ల సంఖ్యే పెద్ద సంఖ్య. మిగతా రెండు కొలతలూ ఉన్నా లేనట్టే.

సరైన పద్ధతి ఇది. ప్రతి కొలతలో ప్రతి ఆటగాడి అంకెను గుంపు మీడియన్‌తో భాగించండి. వచ్చినదానికి 2 ఆధారంగా లాగరిథమ్ తీయండి. గుంపు నడిమి స్థాయికి 0, దానికి రెట్టింపుకు 1, సగానికి –1 వస్తుంది. బరువులు వికీపీడియాకు 0.4, ట్రెండ్స్‌కు 0.4, కొత్త ఫాలోవర్లకు 0.2.

‘అ’కు వికీలో 1, ట్రెండ్స్‌లో 0, ఫాలోవర్లలో 0, మొత్తం 0.40. ‘ఆ’కు 0, 0.415, 0, మొత్తం 0.17. ‘ఇ’కి –1, –1.585, 2, మొత్తం –0.63. నాలుగు రెట్లు ఎక్కువ ఫాలోవర్లు వచ్చినా ‘ఇ’ మూడో స్థానమే. ఫాలోవర్లకు తక్కువ బరువు వేయడానికి కారణం, వాళ్లు ఏ దేశంవాళ్లో బయటికి కనిపించదు, మిగతా రెండు కొలతలూ జపాన్‌వి.

కొత్త ఫాలోవర్ల సంఖ్య సున్నా లేదా మైనస్ వస్తే లాగరిథమ్ తీయలేం. అప్పుడు గుంపులోని అతి తక్కువ ధన సంఖ్యలో సగం వేయండి. ఫాలోవర్ల కొలత పూర్తిగా లేకపోతే మిగతా రెంటికీ చెరో 0.5.

తొమ్మిదో అడుగు: కుదిపి చూడటం

పట్టిక తయారైందని ఆగిపోకండి. ఒక నెల తీసేసి మొత్తం మళ్లీ లెక్కించండి, తర్వాత ఆ నెల పెట్టి ఇంకో నెల తీయండి, ఇలా పన్నెండుసార్లు. ఫిబ్రవరి తీసేసినప్పుడు మాత్రమే మితోమా స్థానం మారితే, ఆ ర్యాంకు చెల్సీ మీద కొట్టిన గోల్ మీద నిలబడి ఉందన్నమాట. పన్నెండింటిలోనూ మారకపోతే అది గట్టి ర్యాంకు. తర్వాత బరువులు మార్చండి, ఒకసారి 0.6, 0.2, 0.2, ఇంకోసారి 0.2, 0.6, 0.2.

అన్ని లెక్కల్లో వచ్చిన అతి మంచి స్థానం, అతి తక్కువ స్థానం రెండూ రాసుకోండి. ఇద్దరు ఆటగాళ్ల తుది అంకెల మధ్య తేడా 0.15 లోపు ఉంటే అసలు తేడా 11 శాతం లోపే, వాళ్లను ఒకే స్థానంలో పెట్టండి. ‘3వ ర్యాంకు’ అనడంకన్నా ‘2–4 మధ్య’ అనడమే నిజాయితీ. చదివేవాళ్లకు ఒక్క అంకె కావాలని అనిపిస్తుంది, నిజమే. కానీ మూడో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య గోడ లేనప్పుడు ఉన్నట్టు రాస్తే ఆ ఆటగాళ్ల అభిమానులిద్దరినీ మోసం చేసినట్టే.

ప్రపంచ పట్టిక వేరుగా

జపాన్‌లో ఆదరణ, బయట ఆదరణ ఒకటి కాదు. సెల్టిక్‌లో ఏళ్ల తరబడి ఆడిన మయెదా, హతాతెలను గ్లాస్గో గుండెల్లో పెట్టుకుంది. కుబో పేరు స్పెయిన్‌లో చిన్నప్పటి బార్సిలోనా అకాడమీ రోజుల నుంచీ తెలుసు. 2024–25 ప్రీమియర్ లీగ్‌లో 10 గోల్స్ కొట్టిన మితోమాను ఇంగ్లాండ్ వాళ్లు వారం వారం చూశారు. వికీపీడియాలో లాంగ్‌వ్యూస్ అనే సాధనం ఒక ఆటగాడి పేజీకి ఏ భాషలో ఎన్ని వీక్షణలు వచ్చాయో విడివిడిగా చూపిస్తుంది. జపనీస్ తీసేసి మిగతా భాషల మొత్తం తీసుకోండి. ట్రెండ్స్‌లో ప్రాంతం ‘ప్రపంచవ్యాప్తం’ పెట్టవద్దు, అందులో జపాన్ వెతుకులాటలే ముంచేస్తాయి. ఆటగాడు ఆడే దేశం, ఇంకో మూడు పెద్ద ఫుట్‌బాల్ దేశాలు విడిగా తీసి చూడండి.

రెండు పట్టికలనూ సగటు చేసి ఒకటి చేయాలన్న ఆలోచన వద్దు. జపాన్‌లో రెండో స్థానం, బయట ఐదో స్థానం అంటే పాఠకుడికి ఒక విషయం తెలుస్తుంది. ‘మూడున్నర’ అంటే ఏమీ తెలియదు.

ప్రచురించేటప్పుడు ర్యాంకు పట్టిక పైనే ఐదు వివరాలు ఉండాలి: గుంపు కట్టిన నియమం, మొదటి–చివరి తేదీలు, దేశం, కొలతలు వాటి బరువులతో, అంకెలు దించిన రోజు. మళ్లీ లెక్కించాల్సిన సమయం జూన్ నెలాఖరు. ప్రపంచ కప్పు ఉన్న ఏడాదైతే టోర్నీకి ముందు రోజుతో ఒక పట్టిక ముగించి, ఫైనల్ తర్వాత నెల గడిచాక కొత్తది మొదలుపెట్టండి. మధ్యలో ఉన్న రోజులను మూడేసి రోజుల మొత్తాలుగా వేరే కాగితం మీద ఉంచండి.